ముందు లోకం, తర్వాత మనిషి, ఆఖరున అంకెలు: క్యాంపెయిన్ సెట్టింగ్‌కు నప్పే పాత్రను మలచుకునే విధానం

కొత్త రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి మాటలతో, పాచికలతో కథను నడిపే ఆట, మొదలవుతోందని తెలియగానే చాలామంది ముందుగా చేసే పని, ఖాళీ క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు, అంకెలు రాసుకునే కాగితం) తీసి క్లాస్ (యోధుడు, మాంత్రికుడు వంటి పాత్ర రకం), జాతి, ఆయుధాలు నింపుకోవడం. ఈ పాత్ర ఆ లోకంలో ఎక్కడ పుట్టింది, ఏం తిని బతికింది, ఎవరికి భయపడుతుంది అన్న ప్రశ్నలు ఆట మొదలయ్యే ముందురోజు రాత్రి గుర్తుకొస్తాయి. అప్పటికే పాత్ర గట్టిపడిపోయి ఉంటుంది కాబట్టి లోకాన్నే దాని చుట్టూ సాగదీయవలసి వస్తుంది. ఈ వరసను తిరగేయాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ నమ్మకం నాకు ఒక తప్పు చేశాకే కలిగింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ కోసం 1991లో వెలువడిన డార్క్ సన్ సెట్టింగ్‌లో ఆథస్ అనే ఎండిపోయిన లోకం ఉంటుంది. అక్కడ లోహం దొరకడమే గగనం. జనం ఎముకతో, రాతితో, కలపతో ఆయుధాలు చేసుకుంటారు. అటువంటి లోకంలోకి నేను నిలువెల్లా ఉక్కు కవచం తొడిగిన యోధుణ్ణి తీసుకెళ్లాను. మూడు సెషన్లపాటు, అంటే మేం ఆడడానికి కూర్చున్న మూడు విడతలూ, ప్రతి దృశ్యమూ ఆ కవచం దగ్గరే ఆగిపోయింది. ఊళ్లోకి వెళ్తే దాన్ని కొట్టేయడానికి దొంగలు, ఎడారిలోకి వెళ్తే ఆ వేడికి నా యోధుడు సొమ్మసిల్లడం, మధ్యలో తతిమ్మా ముగ్గురి కథలు ముందుకు కదలకపోవడం. లోహపు కరవులో మనుషులు ఎలా బతుకుతారో ముందుగా ఒక గంటసేపు ఆలోచించి ఉంటే, ముత్తాత నుంచి వచ్చిన ఒకే ఒక్క ఇనుప కత్తిని గుడ్డలో చుట్టి, దాన్ని ఎవరికీ చూపకుండా, అమ్ముకోలేకుండా తిరిగే మనిషిని తయారుచేసుకుని ఉండేవాణ్ణి. ఆ ఒక్క కత్తి మొత్తం కవచం కంటే ఎంతో ఎక్కువ కథను మోసేది.

మొదటి మెట్టు: గేమ్ మాస్టర్ దగ్గర తెలుసుకోవలసినవి

గేమ్ మాస్టర్ అంటే లోకాన్ని వర్ణిస్తూ ఆటను నడిపే వ్యక్తి. సెట్టింగ్ అన్న ఒక్క మాట కింద మనం నాలుగు వేర్వేరు విషయాలను కలిపేస్తుంటాం. లోకం ఒకటి, ఆ లోకంలో ఈ బృందం చేయబోయే పని మరొకటి, కథ నడిచే ధోరణి ఇంకొకటి, వీటన్నిటినీ పాచికల మీదికి తెచ్చే నియమాలు నాలుగోది. ఒకే నగరంలో దొంగల ముఠా కథ నడపవచ్చు, రాజాస్థానంలో కుట్రల కథా నడపవచ్చు. గోడలెక్కడంలో ఆరితేరిన పాత్ర మొదటిదాంట్లో ప్రాణం, రెండోదాంట్లో దాదాపు ప్రేక్షకుడు. అందువల్ల ఏ లోకం అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు, ఆ లోకంలో మేమంతా కలిసి ఏం చేయబోతున్నాం అని కూడా అడగాలి.

నాకు తెలిసి ఈ రెండో ప్రశ్నకు అత్యంత స్పష్టమైన జవాబిచ్చే ఆటల్లో పెండ్రాగన్ ఒకటి. గ్రెగ్ స్టాఫర్డ్ రూపొందించిన ఈ ఆట 1985లో వచ్చింది. ఆడేవారంతా బ్రిటన్ గాథల్లోని ఆర్థర్ రాజు కాలపు నైట్లు, అంటే గుర్రపు యోధులు. ధైర్యం, దాని ఎదురుగా పిరికితనం, ఇలా జంటలుగా గుణాలకే అంకెలుంటాయి. కథ ఏళ్ల తరబడి సాగి, ఒక నైట్ చనిపోతే అతని వారసుడితో ఆట కొనసాగుతుంది. అందులో ఇల్లూ వాకిలీ లేని ఒంటరి సంచారిని తయారుచేసుకుంటే, ఆట ఇవ్వదలచిన వంశం, పరువు, భూమి, వారసత్వం అన్నిటికీ ముందే తలుపు మూసేసినట్టవుతుంది.

ధోరణి విషయానికి వస్తే, 1981లో వచ్చిన కాల్ ఆఫ్ క్తుల్హూ మంచి ఉదాహరణ. అందులో ప్రధానంగా 1920ల కాలపు మామూలు మనుషులు తమ బుద్ధికి అందని భయానక సత్యాలను వెతుక్కుంటూ పోతారు, తెలుసుకున్నకొద్దీ వారి మానసిక స్థైర్యం అంకెల్లో తరుగుతూ వస్తుంది. దేనికీ బెదరని, ఏదీ తెలుసుకోవాలనుకోని, ఎదురైన ప్రతిదాన్నీ తుపాకీతో పరిష్కరించే పాత్ర అక్కడ నియమాల ప్రకారం చెల్లుతుంది, కానీ ఆట ప్రాణానికి అడ్డం పడుతుంది. తెలుసుకోవాలన్న తపన ఉన్న గ్రంథాలయ ఉద్యోగి, తప్పిపోయిన అన్న కోసం వెతికే నర్సు అక్కడ ఎంతో బలమైన పాత్రలు.

ఈ నాలుగు విషయాలనూ మొదటి ఆటకు ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సమావేశంలో, అంటే సెషన్ జీరోలో తేల్చుకోవాలి. ఎవరికి ఏ విషయాలు ఆటలో రావడం ఇష్టం లేదో కూడా అక్కడే చెప్పుకోవాలి. పాత్ర గతంలో దారుణాలు రాసుకోవడం సులభమే, అయితే ఆ దారుణం పక్కవారి సంతోషాన్ని చెడగొట్టేదైతే దాన్ని ముందే మార్చుకోవడం మర్యాద.

రెండో మెట్టు: లోకంలో ఒత్తిడి ఎక్కడుందో వెతకడం

రెండు వందల పేజీల సెట్టింగ్ పుస్తకాన్ని మొత్తం చదవవలసిన పని లేదు. రాజుల వంశావళి, పర్వతాల పేర్లు పాత్రను తయారుచేయవు, ఒత్తిడి తయారుచేస్తుంది. ఈ లోకంలో ఏది కరవు, అది ఎవరి చేతిలో ఉంది, ఏది నిషిద్ధం, ఈమధ్య ఏం మారింది, మామూలు మనిషి పొద్దున్నే లేచి ఏం పని చేస్తాడు అన్న ప్రశ్నలకు జవాబులు దొరికితే చాలు.

ఏది లేదన్న ప్రశ్నను చాలామంది అడగరు, నా దృష్టిలో అదే అన్నిటికంటే విలువైనది. 1984లో మొదలైన డ్రాగన్‌లాన్స్ సెట్టింగ్‌లోని క్రిన్ లోకంలో ఒక మహావిపత్తు తర్వాత దేవతలు మనుషులకు దూరమయ్యారు. మూడు వందల ఏళ్లకు పైగా నిజమైన దైవశక్తితో గాయాలు మాన్పే పూజారులు లేరు. ఆ లోకంలో మొదటి రోజే చేయి చాచి గాయం మాన్పే పూజారిని తీసుకొస్తే, క్యాంపెయిన్ (అనేక సెషన్లపాటు సాగే కథ) అంతా ఏ రహస్యం చుట్టూ తిరగాలో దాన్ని మొదటి పది నిమిషాల్లో కరిగించేసినట్టే. అదే, దేవతలు తిరిగొస్తారని నమ్ముతూ మూలికలతో, కుట్లతో మనుషులను బతికించుకునే వైద్యురాలైతే, ఆ లేమే ఆమెకు ఊపిరి అవుతుంది.

ఇక్కడినుంచి ఒక చిన్న సెట్టింగ్‌ను పట్టుకుని చివరిదాకా నడుద్దాం. నేను గేమ్ మాస్టర్‌గా రాసుకున్న లోకమే ఇది. దాని పేరు తెల్లరేవు. ఏడేళ్ల క్రితం అక్కడ సముద్రం గడ్డకట్టింది, మళ్లీ కరగలేదు. నలభై ఓడలు మంచులో బిగుసుకుపోయాయి. చుట్టుపక్కల అడవి నరికేశాక నిప్పు రాజ్యాధికారమంత విలువైనదైంది. దీపస్తంభాన్ని కాపాడే మఠంవారు ఇంటికి రోజుకొక బుట్ట బొగ్గు పంచుతారు. మఠం ముద్ర లేని నిప్పు రాజేయడం నేరం. రాత్రిళ్లు మంచు కిందనుంచి ఏదో తడుతున్న చప్పుడు వినిపిస్తుంది. క్యాంపెయిన్‌లో బృందం చేయవలసిన పని, మంచు మీదుగా నడిచి ఇంతవరకు ఎవరూ తిరిగిరాని అవతలి తీరానికి చేరడం.

ఇంతే సెట్టింగ్. పైన చెప్పిన ప్రశ్నలను దీనిమీద వేసి చూస్తే, కరవు నిప్పుది, అధికారం మఠానిది, నిషిద్ధం దొంగ నిప్పు, మార్పు గడ్డకట్టిన సముద్రం. ఒకప్పుడు ఆ రేవులో పనిచేసిన వందలమంది ఇప్పుడు ఏం చేస్తున్నారన్నది అసలైన గని. వల విసిరే చేయి ఇప్పుడు మంచు తొలుస్తోంది. తెరచాపలు కుట్టిన సూది ఇప్పుడు దుప్పట్లు కుడుతోంది.

మూడో మెట్టు: మీ కోరికను ఆ లోకపు భాషలోకి తేవడం

ఆడడానికి వచ్చేవారు ఖాళీ మనసుతో రారు. ఎప్పటినుంచో ఆడాలనుకుంటున్న పాత్ర ఒకటి వారి ఊహలో ఉంటుంది. సెట్టింగ్ కోసం దాన్ని పూర్తిగా వదులుకోమనడం అన్యాయం, అలా వదులుకుని తయారుచేసుకున్న పాత్ర మీద మమకారం కూడా కలగదు. కావలసింది ఆ కోరికను విప్పి, లోపల ఉన్న గింజ ఏమిటో చూడడం.

తెల్లరేవు ఆటకు వచ్చిన ఒకావిడ సముద్రపు దొంగగా ఆడతానన్నారు. ఆ లోకంలో ఓడలే కదలవు. సముద్రం గడ్డకట్టక ముందు దొంగతనాలు చేసేదాన్నని రాసుకుంటే సరిపోతుంది కదా అని అనిపించవచ్చు, కానీ అప్పుడు ఆ పాత్రలోని ఆసక్తికరమైనదంతా గతంలో ఉండిపోయి, వర్తమానంలో ఆమె చేతికి పనేమీ ఉండదు. అందుకని నేను వేరే ప్రశ్న అడిగాను. సముద్రపు దొంగ అనగానే మీకు ముందుగా ఏం కనిపిస్తుంది? ఎవరి ఆజ్ఞకూ లొంగని స్వేచ్ఛా, కత్తియుద్ధమా, తుపానులో దారి కనిపెట్టే నేర్పా? ఆవిడ కాసేపు ఆలోచించి, ఓడ అన్నారు. తనదంటూ ఒక ఓడ ఉండడం, దాన్ని మనిషిలా ప్రేమించడం.

ఆ ఒక్క మాటతో నెలార పుట్టింది. నెలార ఒకప్పుడు ఒక ఓడకు చుక్కాని పట్టేది. ఆ ఓడ మంచులో ఇరుక్కుంది. సిబ్బంది ఒక్కొక్కరే విడిచి వెళ్లిపోయినా ఆమె మాత్రం అందులోనే కాపురం ఉంటోంది. రాత్రిళ్లు చుట్టుపక్కల ఓడల పలకలు ఊడబీకి, మఠం బొగ్గు చాలని ఇళ్లకు దొంగచాటుగా అమ్ముతుంది. ముప్పైతొమ్మిది ఓడలను ముక్కలు చేయడానికి వెనకాడని ఆ చేయి తన ఓడ మీది ఒక్క మేకునైనా ముట్టదు. ఎముకలు కొరికే చలిలో కూడా తన ఓడలో నిప్పు రాజేయదు, నిప్పురవ్వ తన పలకలకు అంటుకుంటుందేమోనని.

దొంగతనం మిగిలింది, ధిక్కారం మిగిలింది, ఓడ మీది ప్రేమ మిగిలింది. అయితే ఇప్పుడు ఆ మూడింటికీ అర్థం ఇస్తున్నది తెల్లరేవే. నెలారను ఎత్తుకుపోయి వేరే లోకంలో పెడితే ఆమెలో సగం కూడా నిలవదు. పాత్ర సెట్టింగ్‌కు నప్పిందా లేదా అని తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే. మీ పాత్ర కథలోని ఊళ్ల పేర్లు మార్చి మరో క్యాంపెయిన్‌లోకి యథాతథంగా తీసుకెళ్లగలిగితే, అది ఇంకా ఈ లోకానికి చెందలేదన్నమాట.

మరొకరు మంటల మాంత్రికుడు కావాలన్నారు. చాలా లోకాల్లో అది మామూలు కోరిక, తెల్లరేవులో మాత్రం రాజద్రోహం. చేతిలోంచి నిప్పు పుట్టించగల మనిషి మఠానికి దొరికితే సొత్తవుతాడు, దొరకకపోతే వేటగాళ్లు వెంటపడతారు. ఆథస్‌లోనూ ఇటువంటిదే ఉంది. అక్కడ మంత్రం వేయడమంటే చుట్టూ ఉన్న పచ్చదనం నుంచి జీవాన్ని పీల్చుకోవడం, విచక్షణ లేకుండా పీల్చేవారి వల్లే ఆ లోకం ఎడారిగా మారింది, కాబట్టి మంత్రగాళ్లంటే జనానికి ద్వేషం. నియమాల పుస్తకంలో ఒకే క్లాస్ అయినా లోకం మారగానే దాని బరువు మారిపోతుంది. ఇలాంటి బరువైన పాత్రను ఎంచుకునే ముందు గేమ్ మాస్టర్‌తో విడిగా మాట్లాడడం అవసరం, ఎందుకంటే ఆ రహస్యం బయటపడ్డ రోజున కథ మొత్తం దానివైపు వంగుతుంది.

నాలుగో మెట్టు: బతికున్న బంధాలు

తల్లిదండ్రులు చనిపోయారు, ఊరు తగలబడింది, మిగిలింది నేనొక్కణ్ణే అన్న గతం మనకు ఎంత అలవాటంటే, ఒక్కోసారి నలుగురున్న బృందంలో నలుగురూ అనాథలే. దీనికి కారణం నాకు తెలుసు. పాత్రకు దగ్గరివాళ్లుంటే గేమ్ మాస్టర్ వాళ్లను చంపేస్తాడేమోనన్న భయం. కానీ ఎవరూ లేని పాత్రను లోకం ఎక్కడ పట్టుకోవాలి? డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి నియమాల్లో ప్రతి పాత్రకూ వ్యక్తిత్వ లక్షణాలు, ఆదర్శం, బంధం, లోపం రాసుకోమంటారు. వీటిలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం బంధం మీదే గడుపుతాను.

బతికున్న ఒక మనిషి, నడిచి వెళ్లగల ఒక చోటు, ఇంకా తీరని ఒక బాకీ. ఈ మూడూ ఉంటే పాత్ర లోకంలో పాతుకుంటుంది. నెలార విషయంలో మనిషి ఆమె పాత కెప్టెన్. అతను ఇప్పుడు మఠంలో బొగ్గు లెక్కలు రాస్తాడు, నెలార చేసే దొంగతనం తెలిసీ చెప్పడు. చోటు ఆమె ఓడ. బాకీ ఒక ముసలి జంటకు. నెలార అమ్మిన తారు పూసిన పలక పొగకు వాళ్ల మనవరాలి చూపు మందగించింది, ఆ పలక తనదేనని నెలారకు తెలుసు, వాళ్లకు తెలియదు. గేమ్ మాస్టర్‌కు ఈ మూడు వాక్యాలు చేతికిస్తే ఇరవై పేజీల గతం ఇచ్చినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది.

గతం రాసేటప్పుడు అర పేజీ దాటవద్దని నా సలహా. కొన్ని ఖాళీలు కావాలనే వదలాలి. నెలార ఓడ ఆఖరి ప్రయాణంలో ఏ సరుకు మోసుకొచ్చిందో ఆ ఆటగత్తె రాయలేదు, నన్ను నింపుకోమన్నారు. గేమ్ మాస్టర్‌కు అంతకంటే మంచి కానుక ఉండదు.

అయిదో మెట్టు: వెళ్లడానికి కారణం, కలిసి ఉండడానికి కారణం

పాత్ర లోకానికి ఎంత చక్కగా నప్పినా, క్యాంపెయిన్ పనికి నప్పకపోతే మొదటి సెషన్‌లోనే బండి ఆగిపోతుంది. ఓడను అంతగా ప్రేమించే నెలార దాన్ని వదిలి అవతలి తీరానికి ఎందుకు వెళ్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకవలసినది ఆడే మనిషే. నా పాత్ర అయితే వెళ్లదు అని చేతులు కట్టుకుని కూర్చుంటే, ఆ పాత్రను అలా రాసింది మనమేనన్న సంగతి మరిచిపోయినట్టు. నెలారకు మేం కుదుర్చుకున్న కారణం చాలా సూటిగా ఉంది. పక్క ఓడల్లో పలకలు అయిపోవస్తున్నాయి, మఠం చూపు నలభయ్యో ఓడ మీద పడింది. సముద్రం కరగకపోతే తన ఓడ వంటచెరకు అవుతుంది.

బృందంతో బంధం గురించి ఫేట్ కోర్ ఆట ఒక మంచి పద్ధతి చూపింది. 2013లో వచ్చిన ఆ పుస్తకం ప్రకారం, ప్రతి ఒక్కరూ తమ పాత్ర చేసిన తొలి సాహసం గురించి నాలుగు ముక్కలు రాస్తారు, తర్వాత ఆ కాగితాలు చేతులు మారతాయి. ఇద్దరు వేరే ఆటగాళ్లు తమ పాత్ర ఆ సాహసంలో ఎలా తోడ్పడిందో, లేదా ఎలా చిక్కు తెచ్చిందో చేరుస్తారు. మీరు ఏ ఆట ఆడుతున్నా ఈ పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు. మా ఆటలో మంటల మాంత్రికుడు ఒక రాత్రి చలికి తట్టుకోలేక నెలార ఓడలో దూరి, అరచేతిలో చిన్న మంట రాజేశాడు. ఆమె అతణ్ణి మంచులోకి గెంటేసింది. కానీ మఠానికి మాత్రం పట్టివ్వలేదు. మొదటి సెషన్ నాటికే వారిద్దరి మధ్య ఒక భయమూ ఒక రుణమూ ఉన్నాయి.

ఆరో మెట్టు: ఇప్పుడు క్యారెక్టర్ షీట్

ఇక్కడికి వచ్చేసరికి షీట్ చాలావరకు దానంతటదే నిండుతుంది. నెలారకు తాళ్లు, ముడులు, ఎక్కడం, చీకట్లో చూపు, బేరం తెలుసు. ఆయుధం గొడ్డలి, ఎందుకంటే ఆమె రోజూ వాడే పనిముట్టు అదే. నియమాల్లో సరిగ్గా ఆ పాత్రకు తగ్గ క్లాస్ లేకపోతే, దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని వర్ణన మార్చుకోవచ్చు. అంకెలను తాకకుండా వర్ణన మాత్రమే మారుస్తున్నంతవరకు చాలామంది గేమ్ మాస్టర్లు కాదనరు.

గతానికీ అంకెలకూ పొంతన ఉండాలి. మొదటి లెవెల్ పాత్రకు, అంటే ఆటలో ఇంకా అట్టడుగు మెట్టు మీదున్న పాత్రకు, ప్రాణబలం నాలుగైదు దెబ్బలకు సరిపోదు. అటువంటి పాత్ర వంద యుద్ధాలు గెలిచిందని రాసుకుంటే మొదటి ఎలుగుబంటి దగ్గరే ఆ మాట అబద్ధమవుతుంది. ఈ పొంతనను నియమాల్లోకే తెచ్చిన పాత ఆట 1977 నాటి ట్రావెలర్. అందులో పాత్ర ఒక్కో విడత నాలుగేళ్ల చొప్పున ఉద్యోగం చేస్తూ నైపుణ్యాలు సంపాదిస్తుంది, వయసు మీద పడుతుంది, ఆ తొలి నియమాల్లోనైతే ఆట మొదలవ్వకముందే చనిపోవచ్చు కూడా. ప్రతి నైపుణ్యం వెనక బతికిన కాలం ఉండాలన్న ఆ ఆలోచనను నేను ఏ ఆటలోనైనా పాటిస్తాను. షీట్ మీది ఒక్కో నైపుణ్యం పక్కన దాన్ని నేర్పినవారెవరో ఒక మాటలో రాసుకుంటాను.

పేరూ మాటతీరూ

పేర్ల తీరు ఎలా ఉంటుందో గేమ్ మాస్టర్‌ను అడిగి, అక్కడి నాలుగైదు పేర్ల పక్కన మీ పేరు పెట్టి పైకి చదవండి, తేడా చెవికే తెలుస్తుంది. దాంతోపాటు ఆ లోకంలో మనిషి ఒట్టు పెట్టుకునే మాట ఒకటి సిద్ధం చేసుకోండి. తెల్లరేవులో నిప్పు మీద ప్రమాణం చేస్తారు. నెలార మాత్రం నీళ్ల మీద ఒట్టు అంటుంది. ఆ మాట విన్నవాళ్లందరికీ ఆమె ఇంకా సముద్రం కోసం ఎదురుచూస్తోందని తెలిసిపోతుంది.

బయటివాడిగా ఆడాలనుకుంటే

లోకానికి నప్పడమంటే ఆ ఊళ్లోనే పుట్టి ఉండాలని కాదు. పరాయి మనిషి కూడా చక్కగా నప్పగలడు, అయితే అతని పరాయితనం ఆ లోకానికి ఏదో ఒక అర్థం ఇవ్వాలి. తెల్లరేవుకు ఏడేళ్లుగా ఏ ఓడా రాలేదు, కాబట్టి కొత్తగా వచ్చినవాడు మంచు మీదుగా నడిచే రావాలి. అంటే అవతలి తీరం గురించి అతనికి ఏదో తెలుసు. ఆ క్షణంలో అతను బయటివాడు కాడు, ఊరంతా వెతుకుతున్న జవాబు. బృందంలో ఇలాంటివారు ఒక్కరుంటే చాలు. ముగ్గురు నలుగురు పరాయివాళ్లే అయితే ఎవరి కళ్లలోంచి చూసినా ఆ ఊరు సొంత ఊరుగా కనిపించదు.

మూడో సెషన్ తర్వాత ఒక సర్దుబాటు

కాగితం మీద కుదిరినవన్నీ బల్ల దగ్గర కుదరవు. మూడు సెషన్లు ఆడాక పాత్రలో వాడని భాగమేదో చూసి, గేమ్ మాస్టర్ ఒప్పుకుంటే దాన్ని మార్చుకోవచ్చు. నెలారకు మొదట బేరమాడే నేర్పు రాసుకున్నాం. ఆవిడ ఆడే తీరులో మాత్రం నెలార ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడలేదు. బేరం తీసేసి దాని బదులు మంచు శబ్దాన్ని బట్టి మందం చెప్పగల నేర్పు పెట్టాం.

ఆ నేర్పు నాలుగో సెషన్‌లోనే అవసరపడింది. బృందం తీరం వదిలి మంచు మీద అడుగుపెట్టిన రాత్రి, కిందనుంచి తడుతున్న చప్పుడు మళ్లీ వినిపించింది. నెలార పడుకుని చెవి మంచుకు ఆనించింది. ఏం వినిపిస్తోందని నేను అడగకముందే ఆ ఆటగత్తె తలెత్తి, ఇది తట్టడం కాదు, ఎవరో లోపలినుంచి పలకలు ఊడబీకుతున్నారు, ఆ చప్పుడు నాకు బాగా తెలుసు అన్నారు. నేను రాసుకున్న నోట్సులో ఆ మాట లేదు. పుస్తకం మూసేసి, ఆ రాత్రి ఆటను అక్కడినుంచి నడిపాను.